బాడుగ ఇల్లు ఓనర్‌ది, సామాను ఎవరిది?

2021 నవంబరులో సోమశిల జలాశయం నుంచి వచ్చిన నీటితో పెన్నా పొంగింది. పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది. నెల్లూరులో భగత్‌సింగ్ కాలనీ లాంటి లోతట్టు ప్రాంతాలు మునిగాయి. వరద తీశాక బాడుగకు ఉండేవాళ్ల పరిస్థితి ఓనర్ల పరిస్థితి కన్నా కొంచెం వేరు. ఓనర్‌కు గోడలు మిగులుతాయి, స్థలం మిగులుతుంది. బాడుగవాళ్లకు ఉన్న ఆస్తే ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, టీవీ, పరుపులు, పిల్లల ల్యాప్‌టాప్, బీరువా నిండా బట్టలు. నీళ్లు ముందు ముట్టుకునేది వాటినే.

ప్రభుత్వం ఆదుకుంటుంది కదా అంటారు. 2022-26 కాలానికి కేంద్రం పెట్టిన విపత్తు సాయం నిబంధనలు చూడండి. మైదాన ప్రాంతంలో ఇల్లు పూర్తిగా దెబ్బతింటే 1.20 లక్షల రూపాయలు. అది ఇల్లు కట్టుకోవడానికి ఇచ్చేది కాబట్టి ఓనర్‌కే పోతుంది. ఇంట్లో ఉన్న కుటుంబానికి బట్టల కోసం 2,500, గిన్నెలు, సామాను కోసం మరో 2,500. అదీ ఇల్లు కూలినా, కొట్టుకుపోయినా, రెండు రోజులకు మించి నీళ్లలో నానినా మాత్రమే. రాష్ట్రం పైన కొంత కలపవచ్చు. ఎంత కలిపినా అది పూట గడవడానికే, పోయిన సామాను కొనుక్కోవడానికి కాదు.

ఇక ఓనర్ ఇన్సూరెన్స్. హోమ్ లోన్ తీసుకున్నప్పుడు బ్యాంకు అంటగట్టిన పాలసీ ఆయన దగ్గర ఉండవచ్చు. అందులో ఆయన బిల్డింగ్ ఉంటుంది. మీ సామాను ఉండదు. మన దగ్గర చాలామందికి ఈ సంగతి నష్టం జరిగాకే తెలుస్తుంది.

నిజానికి దారి ఉంది. బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ ఆదేశంతో 2021 ఏప్రిల్ 1 నుంచి సాధారణ బీమా కంపెనీలు ‘భారత్ గృహ రక్ష’ అనే పాలసీని ఒకే రకం షరతులతో అమ్ముతున్నాయి. బిల్డింగ్‌కు మాత్రమే తీసుకోవచ్చు, బిల్డింగ్‌కూ సామానుకూ కలిపి తీసుకోవచ్చు, సామానుకు మాత్రమే కూడా తీసుకోవచ్చు. ఆ చివరిదే బాడుగవాళ్లకు కావలసింది. అగ్నిప్రమాదం, తుపాను, వరద, భూకంపం, నీళ్ల ట్యాంకు, పైపులు పగలడం, అల్లర్లు అన్నీ ఇందులోకి వస్తాయి. సామాను విలువ కాస్త తక్కువగా రాయించారన్న వంకతో క్లెయిమ్‌లో కోత పెట్టడానికి కూడా వీల్లేదు. మీరు రాయించిన మొత్తం వరకు ఇవ్వాలి. ప్రీమియం మామూలు ఇంటి సామానుకైతే ఏడాదికి సాధారణంగా వందల్లోనే ఉంటుంది. ఏజెంట్లు దీని ఊసెత్తకపోవడానికి కూడా బహుశా అదే కారణం. కొన్ని వందల ప్రీమియం మీద వాళ్లకు వచ్చే కమీషన్ ఎంతని?

కవరయ్యే ప్రమాదాల జాబితాలో క్షిపణి పరీక్షలు కూడా ఉన్నాయి గానీ, దొంగతనం మాత్రం సగమే ఉంది. వరద లాంటి ప్రమాదం జరిగిన 7 రోజుల్లోపు, ఆ ప్రమాదం వల్ల జరిగిన దొంగతనానికే డబ్బు వస్తుంది. సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు తాళం పగిలితే రాదు. దానికి విడిగా దొంగతనం కవర్ తీసుకోవాలి. నగలకూ అంతే, విలువ ముందే ఒప్పుకొని విడిగా రాయించుకోవాలి. నగదు, బండి ఇందులోకి రావు. షార్ట్ సర్క్యూట్‌తో టీవీ ఒక్కటే కాలితే ఆ టీవీకి రాదు, మంట పక్క సామానుకు అంటుకుంటే దానికి వస్తుంది.

అందరూ ఇవాళే పరిగెత్తి తీసుకోవాలని నేననను. నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో నాలుగో అంతస్తులో ఉన్న బ్రహ్మచారికి ల్యాప్‌టాప్ తప్ప పోయేదేమీ లేకపోతే తొందరేం లేదు. ఒంగోలులో పోతురాజు కాలువకు దగ్గర్లో, నెల్లూరులో పెన్నా పొర్లుకట్ట పక్కన, కింది అంతస్తులో సంసారం పెట్టినవాళ్లు మాత్రం వచ్చే అక్టోబరు లోపే ఆలోచించాలి. తుపాను పేరు వార్తల్లోకి వచ్చాక పాలసీ అడిగితే ఆలస్యమైనట్టే. తీసుకున్నాక రెండు పనులు మరచిపోకూడదు. సామాను ఫోన్‌లో వీడియో తీసి, బిల్లులతో పాటు మెయిల్‌లో పెట్టుకోవాలి. ఇల్లు మారితే అడ్రస్ మార్పించాలి, ఎందుకంటే పాలసీ రాసేది ఆ ఇంట్లో ఉన్న సామానుకు.

మనవాళ్లు అసలు తలచుకోనిది బాధ్యత సంగతి. మన వంటగదిలో మంట లేచి ఓనర్ గోడలు, పై వాటా సామాను కాలితే ఎవరు కట్టాలి? 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం, వాడకంలో సహజంగా జరిగే అరుగుదల, మనిషి ఆపలేని విపత్తు మినహా, ఇల్లు తీసుకున్నప్పుడున్న స్థితిలోనే అద్దెదారు తిరిగి అప్పగించాలి. మన నిర్లక్ష్యమని తేలితే పోయేది అడ్వాన్స్ ఒక్కటే కాదు. భారత్ గృహ రక్షలో ఈ బాధ్యత కవర్ కాదు. హౌస్‌హోల్డర్స్ ప్యాకేజీ పాలసీల్లో మూడో వ్యక్తికి, అంటే మన వల్ల బయటివాళ్లకు, జరిగే నష్టం కోసం విడిగా ఒక భాగం ఉంటుంది. అద్దెదారుగా ఓనర్ ఇంటికి జరిగే నష్టం కూడా అందులోకి వస్తుందా అని అడిగి, రాతలో తీసుకోవాలి. నోటి మాట క్లెయిమ్ రోజున పనికిరాదు.

పైసా ఖర్చు లేని రక్షణ ఒకటి ఇప్పటికే చాలా ఇళ్లలో ఉంది. గ్యాస్ ప్రమాదం జరిగితే ఆయిల్ కంపెనీలు తీసుకున్న బీమా కింద మరణానికి మనిషికి 6 లక్షలు, వైద్యానికి మనిషికి 2 లక్షల వరకు, ఆస్తి నష్టానికి 2 లక్షల వరకు వస్తాయి. కాకపోతే ఆస్తి నష్టం డబ్బు కనెక్షన్ నమోదైన అడ్రస్‌లో ప్రమాదం జరిగితేనే. కావలిలో అత్తగారి పేరున్న సిలిండర్‌ను నెల్లూరు వాటాలో వాడుతున్నవాళ్లు, కందుకూరు గ్యాస్ పుస్తకంతో ఒంగోలులో కాపురం చేస్తున్నవాళ్లు ఎంతమందో. గ్యాస్ ఏజెన్సీలో అద్దె అగ్రిమెంట్ చూపించి అడ్రస్ మార్పించుకోవచ్చు. అగ్రిమెంటే రాసుకోకపోతే ముందు ఓనర్‌తో ఆ పని చేయించాలి.