కోలారు బంగారం ఎవరి డబ్బుతో పైకొచ్చింది?

కోలారు బంగారు గనుల మాట వచ్చినప్పుడల్లా వాట్సాప్ గ్రూపుల్లో ఒకే రకం పోస్టు తిరుగుతుంటుంది. బెంగళూరు కన్నా ముందే కేజీఎఫ్‌కి కరెంటు వచ్చిందట, అదంతా తెల్లదొరల ముందుచూపట, వాళ్ళు వెళ్ళిపోయాక మనవాళ్ళు గనుల్ని ముంచేశారట. మొదటి ముక్క నిజమే. మిగతా రెండూ చదివితే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది.

ఆ కరెంటు తెచ్చింది ఏ బ్రిటిష్ కంపెనీ కాదు, కోలారు అప్పట్లో ఏ సంస్థానంలో ఉండేదో ఆ మైసూరు ప్రభుత్వం. దివాన్ శేషాద్రి అయ్యర్ హయాంలో కావేరి మీద శివసముద్రం దగ్గర జలవిద్యుత్ కేంద్రం పని మొదలైంది. 1902లో అక్కడి నుంచి దాదాపు 147 కిలోమీటర్లు తీగలు లాగి గనులకు కరెంటిచ్చారు. అంత దూరం కరెంటు పంపడం అప్పటికి ప్రపంచంలోనే అరుదు. ఖర్చు ప్రభుత్వానిది, ప్లాంటు పనిచేయకపోతే వచ్చే నష్టం ప్రభుత్వానిది. బెంగళూరు వీధుల్లో దీపాలు వెలిగింది 1905లో. అంటే రాజ్యం ఖజానాతో కట్టిన ప్లాంటు నుంచి ముందుగా కరెంటు వెళ్ళింది ఆ గనులు తవ్వే లండన్ వాటాదారుల కంపెనీలకు. ఆ కంపెనీలు కరెంటుకు డబ్బు కట్టాయి, రాజ్యానికి దానిమీద ఆదాయం కూడా వచ్చింది, అది కాదనను. కానీ ఒక ప్రైవేటు వ్యాపారానికి కావలసిన కరెంటు కోసం అంత పెట్టుబడి, అంత రిస్కు ప్రభుత్వం నెత్తిన వేసుకుంటే, ఆ పేరు కంపెనీ ఖాతాలో వేయడం ఏం న్యాయం?

రైలు కూడా అంతే. బౌరింగ్‌పేట, అంటే ఇప్పటి బంగారపేట నుంచి మారికుప్పం దాకా పది మైళ్ళ లైను 1894లో మైసూరు రాజ్యం వేసింది. బొగ్గు, యంత్రాలు, కలప గనుల దగ్గరికి చేరింది ఆ పట్టాల మీదే.

ఒక సంస్థానం ఇంత ఎందుకు చేసింది? ఇక్కడే అసలు కథ ఉంది. 1876-78 కరువు మైసూరును ఊడ్చేసింది. జనాభాలో సుమారు ఐదో వంతు పోయారు. ఆ దెబ్బ నుంచి లేవకముందే, 1881లో బ్రిటిష్‌వాళ్ళు రాజ్యాన్ని మైసూరు రాజులైన వడయార్లకు తిరిగి అప్పజెప్పారు. ఊరికే ఇవ్వలేదు. ఏటా కట్టే కప్పం 24.5 లక్షల రూపాయల నుంచి 35 లక్షలకు పెంచాలని షరతు పెట్టారు. పెంచిన మొత్తం కొన్నాళ్ళు వాయిదా పడింది గానీ మెడ మీద కత్తిలా వేలాడుతూనే ఉంది. అలాంటి రాజ్యానికి చేతికి నగదు వచ్చే దారి ఏది కనిపించినా పట్టుకోక తప్పదు. లావెల్ అనే ఐరిష్ మాజీ సైనికుడికి 1875లోనే కోలారులో తవ్వకానికి 20 ఏళ్ళ హక్కు ఇచ్చి ఉన్నారు. అది చేతులు మారి, 1880లో లండన్‌కు చెందిన జాన్ టేలర్ అండ్ సన్స్ రంగంలోకి దిగింది. కొన్నేళ్ళకు ఛాంపియన్ లోడ్ అనే గొప్ప బంగారు పొర దొరికింది. తవ్విన బంగారంపై రాజ్యానికి దక్కేది 5 శాతం రాయల్టీ. ఆ 5 శాతం పెరగాలంటే తవ్వకం పెరగాలి, తవ్వకం పెరగాలంటే రైలు, కరెంటు, నీళ్ళు అన్నీ ప్రభుత్వమే అమర్చాలి. రాయల్టీ ఖజానాకు చేరుతుంది, ఖజానా నుంచి కప్పం బ్రిటిష్ ప్రభుత్వానికి పోతుంది. ఇటు చూస్తే బంగారం లండన్‌కి, డివిడెండ్లూ లండన్‌కే. దివాన్లను తిట్టాలని నాకు లేదు. వాళ్ళ చేతులు కట్టేసి ఉన్నాయి. ఆ చేతులు కట్టింది ఎవరో మాత్రం మనం మరచిపోయి, కట్టిన తెల్లదొరల ముందుచూపునే పొగుడుతున్నాం.

సాయం అంటే తీగలూ పట్టాలే కాదు, చట్టం కూడా. ముడి బంగారం ఎవరి దగ్గరైనా దొరికితే, అది తనకెలా వచ్చిందో చెప్పుకోలేని మనిషి నేరస్థుడే. సోదాలు, పోలీసులు, రికార్డులు అన్నీ గని చుట్టూనే తిరిగేవి. కార్మికుల వేలిముద్రలు తీసుకుని రిజిస్టర్ చేస్తామంటే 1930లో వేలమంది పని ఆపేశారు. తమను దొంగల్లా చూస్తున్నారన్నదే వాళ్ళ బాధ. ఆ మనుషులెవరు? ఎక్కువమంది ఉత్తర ఆర్కాటు, సేలం వైపు నుంచి వచ్చిన దళితులు, వాళ్ళలో తమిళులే ఎక్కువ. తెలుగువాళ్ళూ ఉన్నారు. మన చిత్తూరు ప్రాంతం 1911 వరకు ఉత్తర ఆర్కాటులోనే ఉండేది. ఊళ్ళో కరువు, కులం రెండూ తరిమితే గనిలో దిగారు. పైన వెదురు తడికెల గుడిసెలు. కింద వేడి, దుమ్ము, ఎప్పుడు పేలుతుందో తెలియని రాయి. ఛాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్ల లోతు దాటింది. రాక్ బర్స్ట్‌లో, అంటే లోతున ఒత్తిడికి రాయి ఒక్కసారిగా పేలినప్పుడు పోయినవాళ్ళు కొందరు, ఊపిరితిత్తుల్లో రాతిదుమ్ము నిండి సిలికోసిస్‌తో మెల్లగా పోయినవాళ్ళు ఇంకెందరో. తెల్ల అధికారుల బంగళాలు, క్లబ్బు, గోల్ఫ్ మైదానం చూసి ‘లిటిల్ ఇంగ్లాండ్’ అని మురిసిపోయేవాళ్ళు ఒక్కసారి ఆ తడికెల లైన్ల పాత ఫోటోలు కూడా చూడండి.

ఇక మనవాళ్ళు ముంచేశారన్న మాట. 1956లో గనులు ప్రభుత్వం చేతికి వచ్చేసరికి దాదాపు 75 ఏళ్ళు తవ్వేసి, మేలైన ఖనిజం చాలావరకు తీసేశారు. మిగిలింది లోతు, ఖర్చు. పైగా చాలా ఏళ్ళు, బజారు ధర కన్నా బాగా తక్కువైన అంతర్జాతీయ అధికారిక ధరకే ఆ బంగారాన్ని కేంద్రం తీసుకుంది. లెక్కల్లో నష్టం రాక ఏమొస్తుంది? 2001 ఫిబ్రవరి 28న మూసేశారు. మన కుప్పం పక్కన బిసానత్తం, చిగురుగుంట గనులూ అప్పుడే ఆగిపోయాయి. కేజీఎఫ్‌కి మిగిలినవి సయనైడ్ గుట్టలు, అంటే సయనైడ్‌తో బంగారం తీశాక పారబోసిన రాతిపొడి కుప్పలు. గాలి లేస్తే ఆ దుమ్ము ఇళ్ళలోకి వస్తుంది. ఆ రైలు లైను మీద ఇప్పుడు జనం పొద్దున్నే బెంగళూరుకు పనికి పోతున్నారు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, కర్నూలు జిల్లా జొన్నగిరిలో బంగారం తవ్వకం మాట వింటున్నాం. గని వద్దని నేననను. తుగ్గలి మండలంలో వర్షం నమ్ముకున్న రైతులకు పని దొరికితే సంతోషమే. కానీ గని కోసం ప్రభుత్వం ఇచ్చే భూమి, నీళ్ళు, కరెంటు, రోడ్డు ఖర్చెంత, రాయల్టీగా వచ్చేదెంత, జిల్లా ఖనిజ నిధిలో పడేదెంత, అందులో ఆ ఊళ్ళకు తిరిగి వచ్చేదెంత? ఇవి ఏటా పంచాయతీ ఆఫీసు గోడ మీద తెలుగులో రాసి పెట్టాలి. గని మూసే రోజు గుట్టల సంగతి ఎవరు చూస్తారో, దానికి డబ్బు ఎక్కడ దాచారో కూడా అదే గోడ మీద ఉండాలి. జొన్నగిరి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, వచ్చే గ్రామసభలో ఈ లెక్కలు అడగండి.