గంగమ్మ ఒడి ఎలా ఉంది?

ఏటా నిమజ్జనం మర్నాడు పేపర్లలో ఒకటే శీర్షిక: గంగమ్మ ఒడికి చేరిన గణనాథుడు. దాని కింద ఫొటో మాత్రం ముందురోజు రాత్రిది. లైట్లు, క్రేన్లు, జనసంద్రం. తెల్లారాక హుస్సేన్‌సాగర్ ఒడ్డున కనిపించేది వేరు. సగం విరిగిన తొండం ఒకటి, రంగు వెలిసిన చెయ్యి ఒకటి నీళ్లలోంచి పైకి తేలి ఉంటాయి. కొబ్బరి పీచు, థర్మోకోల్ ముక్కలు, పూలదండల దారాలు గట్టుకు కొట్టుకొస్తాయి. విగ్రహాల్లోని ఇనుప చువ్వలు అమ్ముకుంటే నాలుగు డబ్బులొస్తాయని కుర్రాళ్లు ఆ నీళ్లలోకే దిగుతారు. మిగిలింది ఎత్తి లారీల్లో పోయడం పారిశుద్ధ్య కార్మికుల వంతు. పదకొండు రోజులు పూజలందుకున్న దేవుడికి మనం ఇచ్చే వీడ్కోలు ఇది.

ఇది ఎవరికీ కొత్త సంగతి కాదు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహం మట్టిలా నీళ్లలో కరగదు. దాని మీద పూసే రసాయన రంగుల్లో సీసం, క్రోమియం, కాడ్మియం లాంటి లోహాలు ఉండొచ్చు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 మే నెలలో సవరించిన మార్గదర్శకాల్లో ఈ విగ్రహాలు వద్దని తేల్చి చెప్పింది. 2021లో తెలంగాణ హైకోర్టు వీటిని హుస్సేన్‌సాగర్‌లో వేయొద్దని ఆదేశించింది. పండగ ముంచుకొచ్చాక ప్రభుత్వం సుప్రీంకోర్టు తలుపు తట్టి, ఆ ఒక్క ఏడాదికి అనుమతి తెచ్చుకుంది. అప్పటి నుంచీ వరస అదే. శ్రావణం వచ్చేదాకా అందరూ నిద్రపోవడం, ఆ తర్వాత కోర్టుల చుట్టూ తిరగడం.

ఈ మాట ఎత్తగానే భక్తుల నుంచి ఒక ప్రశ్న వస్తుంది. ఏడాది పొడవునా కూకట్‌పల్లి నాలా ఫ్యాక్టరీల నీళ్లు, మురుగు తెచ్చి సాగర్‌లో కలుపుతుంటే నోరెత్తనివాళ్లు మా పండగ మీదే ఎందుకు పడతారు అని. ఆ ప్రశ్న న్యాయమైనదే. బాలానగర్, జీడిమెట్ల వైపు నుంచి వచ్చే ఆ నాలా చేసిన నష్టం ముందు విగ్రహాల నష్టం చిన్నది. ఒకప్పుడు ఊరికి తాగునీరిచ్చిన చెరువు పక్కన ఇవాళ ముక్కు మూసుకుని నడవాల్సి వస్తోందంటే అందుకు మొదటి ముద్దాయి మురుగే.

అయితే ఆ ప్రశ్న వేసినవాళ్లను మేమూ ఒకటి అడగాలనుకుంటున్నాం. నాలా సంగతి మీకు అంత బాగా తెలిసినప్పుడు, దాని మీద మీ కమిటీ ఎప్పుడు కదిలింది? గల్లీకో మండపం ఉంది. ప్రతి మండపానికీ చందా పుస్తకం, మైకు, రాత్రిళ్లు కాపలా కాసే కుర్రాళ్లు ఉన్నారు. కార్పొరేటర్ దగ్గర్నుంచి మంత్రి దాకా వచ్చి హారతి తీసుకుని వెళ్తారు. ఈ ఊళ్లో ఏ పార్టీకీ, ఏ పర్యావరణ సంఘానికీ లేని బలగం ఇది. హారతి పళ్లెం పట్టుకున్న చేత్తోనే మంత్రికి ఒక అర్జీ ఇచ్చి, మా దేవుడు దిగే నీళ్లలోకి మీరు మురుగు ఎందుకు వదులుతున్నారని అడిగితే ఆయన ఏం చెప్తారు? నాలాను చూపించి మా విగ్రహాన్ని వదిలేయమనడం సులువు. ఆ రెంటినీ ఆపమనడానికే భక్తి కావాలి.

ఇందులో నీళ్ల బాధ ఒక్కటే లేదు. నాలా పక్క బస్తీల్లో ఉండేది రోజుకూలీలు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు, ఆటోవాళ్లు. వానాకాలం వస్తే వాళ్ల గుడిసెల్లోకి వచ్చేది ఆ నాలా నీళ్లే. పిల్లలకు జ్వరాలు, ఒంటికి దురదలు, ఆస్పత్రి ఖర్చు అన్నీ వాళ్ల ఖాతాలోనే. కంపు ఎవరు పుట్టిస్తున్నారో, ఎవరు పీలుస్తున్నారో చూస్తే కాలుష్యం కులం, డబ్బు చూసుకునే పారుతుందని తెలుస్తుంది. 2015లో పోప్ ఫ్రాన్సిస్ పర్యావరణం మీద రాసిన లేఖలో భూమి మొర, పేదల మొర కలిపి వినాలన్నారు. ఆ మాట అర్థం కావాలంటే కూకట్‌పల్లి నాలా వెంట ఒక మైలు నడిస్తే చాలు.

నమ్మకం ఇలాంటి చోట ఎంత గట్టిగా నిలబడగలదో చెప్పే ఉదాహరణ మన పార్వతీపురం మన్యం పక్కనే, ఒడిశాలో ఉంది. నియమగిరి కొండల్లో డోంగ్రియా కోందు గిరిజనులకు ఆ కొండే దేవుడు, నియమరాజు. బాక్సైట్ కోసం ఆ కొండను తవ్వాలనుకున్నప్పుడు 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు నిర్ణయాన్ని గ్రామసభలకు వదిలింది. అక్కడి జనం పూజా హక్కును కూడా ఆ సభలే తేల్చాలంది. 12 ఊళ్లలో సభలు జరిగితే 12 ఊళ్లూ వద్దన్నాయి. వాళ్లు కొండను మొక్కి ఊరుకోలేదు. మా దేవుడి ఒంటి మీద గునపం పడనివ్వం అని ఆ సభలకు పరిశీలకుడిగా వచ్చిన జడ్జి ముందు కూర్చుని చెప్పారు. మైదానాల్లో మనం గుళ్ల కోసం, మసీదుల కోసం కొట్లాడినంత గట్టిగా చెరువు కోసం ఎప్పుడైనా కొట్లాడామా?

హుస్సేన్‌సాగర్ విషయంలోనైతే ఏ మతమూ మాకు సంబంధం లేదని తప్పుకోలేదు. 16వ శతాబ్దంలో ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో దాన్ని కట్టించింది హుస్సేన్ షా వలీ అనే సూఫీ. నడిమధ్యలో బుద్ధుడు నిలబడి ఉన్నాడు. గణపతి వచ్చేదీ, ఆశ్వయుజంలో బతుకమ్మ దిగేదీ అక్కడికే. పారే ఏటి ఒడ్డున కూర్చున్నా వజూకు, అంటే నమాజుకు ముందు కాళ్లూచేతులూ కడుక్కోవడానికి, నీళ్లు వృథా చేయొద్దన్న ప్రవక్త మాటను మసీదుల్లో ఇప్పటికీ చెప్తారు. కరవులో జనానికి పని దొరకాలని మెదక్ చర్చి కట్టించిన కథ మనకు తెలిసిందే. వాడేసిన పూలను కుప్పలు పోయకుండా తిరుమల దేవస్థానం 2021 నుంచి అగరబత్తీలు చేయిస్తోంది. ఎవరి ఇంట్లో వాళ్లు చేస్తున్నవి ఇవి, మంచివే. గోడ దాటి నాలా దాకా వచ్చిన పని మాత్రం తక్కువ.

బతుకమ్మ గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేం. గునుగు, తంగేడు బీళ్లల్లో, చెరువు గట్ల మీద పూస్తాయి. బీళ్లు ప్లాట్లయ్యాక ఆ పూలు మార్కెట్లో కొనుక్కుంటున్నాం. చెరువు ఎండిపోయిన కాలనీల్లో బతుకమ్మను ప్లాస్టిక్ టబ్బులో వదులుతున్నాం. చవితి పత్రి సంగతీ అంతే. ఉత్తరేణి, జిల్లేడు, వావిలి, వాకుడు అని 21 పేర్లు చదువుతాం. పూజ పళ్లెంలో ఉండేది ఏ ఆకో మనలో ఎంతమంది గుర్తుపడతారు? పత్రి కట్టలో ఏది పడితే ఆ కొమ్మ విరిచి అమ్ముతున్నారని అమ్మేవాళ్లను తిట్టుకుంటాం గానీ, వాళ్లు మాత్రం ఎక్కడి నుంచి తెస్తారు?

ఇక విగ్రహం చేసేవాళ్ల సంగతి. ధూల్‌పేటలో వందల కుటుంబాలు ఈ పని మీదే బతుకుతున్నాయి. గుడుంబా (నాటుసారా) కాయడం మానుకుని విగ్రహాల వైపు వచ్చినవాళ్లు వాళ్లలో ఉన్నారు. నెలల ముందు అప్పు తెచ్చి, అచ్చులు పోసి, విగ్రహాలు ఆరబెట్టుకున్నాక పండగకు వారం ముందు నిషేధం అంటే వాళ్లు ఏమైపోవాలి? వాళ్లు కోర్టుకెక్కారంటే తప్పు పట్టలేం. మట్టితో చేయాలంటే ఎక్కువ రోజులు పడుతుంది, విగ్రహం బరువెక్కుతుంది, రవాణాలో పగుళ్లిస్తుంది, షెడ్డు పెద్దది కావాలి. ఆ తేడా ఖర్చంతా వాళ్లే మోయాలనడం చెరువును కాపాడే పేరుతో చేసే మరో అన్యాయం. చెరువుల పూడిక మట్టి ఉచితంగా ఇవ్వడం, ఎండాకాలంలోనే అడ్వాన్సు అందేలా చూడడం, వడ్డీ లేని అప్పు ఇప్పించడం ప్రభుత్వం చేయాల్సిన పనులు.

అసాధ్యం అనేవాళ్లు ఖైరతాబాద్ వైపు చూడాలి. 1954లో ఒక్క అడుగు విగ్రహంతో మొదలైన ఆ మండపం 2022లో తొలిసారి 50 అడుగుల మట్టి గణపతిని నిలబెట్టింది. 2024లో ఎత్తు 70 అడుగులకు వెళ్లింది, అదీ మట్టితోనే. అంత ఎత్తున మట్టి నిలవాలంటే లోపల టన్నుల కొద్దీ ఇనుము కావాలి. అది చివరికి నీళ్లలోంచి తీయాల్సిందే. మట్టి అన్నంత మాత్రాన ఎత్తుల పోటీకి లైసెన్సు దొరికినట్టు కాదు. ఎదురు గల్లీ కంటే అడుగు ఎక్కువ ఉండాలన్న పంతం దేవుడిది కాదు, మనది.

డబ్బు లేదనే సాకూ చెల్లదు. 1994లో వేలంలో 450 రూపాయలకు పోయిన బాలాపూర్ గణపతి లడ్డూ 2024 నాటికి 30 లక్షలు దాటింది. ఆ సొమ్ము ఊరి అభివృద్ధికి వాడుతున్నామని కమిటీ చెబుతోంది, సంతోషం. మిగతా లడ్డూల వేలం డబ్బులో ఒక వాటా నిమజ్జనం మర్నాడు ఒడ్డు ఊడ్చే కార్మికుల బూట్లకు, గ్లౌజులకు, ఒక పూట కడుపునిండా భోజనానికి ఖర్చు పెడితే అది ప్రసాదం కాకుండా పోదు.

వచ్చే ఏడాది కోసం ఆలోచించాల్సింది ఇప్పుడే. ఉగాదికల్లా మట్టి విగ్రహానికి ఆర్డరు, అడ్వాన్సు ఇచ్చిన కమిటీలకే మండపం అనుమతిలో, కరెంటులో మొదటి ప్రాధాన్యం ఇవ్వాలి. దరఖాస్తులో విగ్రహం ఎత్తుతో పాటు దేనితో చేశారు, ఎవరు చేశారు అన్నవీ రాయించాలి. కాలుష్య నియంత్రణ మండలి కూకట్‌పల్లి నాలా నీటి పరీక్షల ఫలితాలను నెలనెలా తెలుగులో, ఉర్దూలో బస్తీ కమ్యూనిటీ హాళ్ల దగ్గర అతికించాలి. ఆ కాగితాన్ని మండపంలో మైకులో చదివి వినిపించే పని కమిటీలది. శుక్రవారం నమాజు తర్వాత, ఆదివారం ఆరాధన తర్వాత అదే కాగితం చదివితే మండలి వచ్చే నెల లెక్క రాసేటప్పుడు ఒకటికి రెండుసార్లు చూసుకుంటుంది.