మచ్చలేని వంటిల్లు

మా ఆయనకు కోడిగుడ్డు ఉడకబెట్టడం కూడా రాదు. గిన్నెలో నీళ్ళు ముందా, గుడ్డు ముందా అన్నకాడే ఆగిపోతారు. అందుకని వేదాయపాళెంలో మేం కొనుక్కున్న ఫ్లాటులో వంటిల్లు ఎట్టా ఉండాలో తేల్చే బాధ్యత ఆయనే నెత్తినేసుకున్నారు.

మినిమలిస్టు కిచెన్ అన్నారు. గట్టు మీద ఏమీ ఉండకూడదు. తలుపులకు పిడులుండకూడదు. ఫ్రిజ్జు ఉన్న సంగతి చూసేవాళ్ళకు తెలియకూడదు. అంతా తెలుపే. మా అత్త ఓపిగ్గా విని, "వంటయినా చేసుకోనిస్తారా?" అనింది.

దాంతో ఆయన చరిత్ర ఎత్తుకున్నారు. 1926లో జర్మనీలో మార్గరెటె షుట్టె-లిహోట్‌స్కీ అనే ఆర్కిటెక్టు ఫ్రాంక్‌ఫర్ట్ ఇళ్ళకోసం ఒక వంటిల్లు గీసిందట. 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవు, అంతే చోటు. దినుసుకో సొరుగు. వంట చేసే మనిషి వేసే అడుగులు కూడా లెక్కగట్టి గీసిందట. ఇప్పటి మాడ్యులర్ కిచెన్లకు మూలపుటమ్మ ఆవిడేనట. ఆయన చెబుతుంటే నేను ఫోనులో ఆవిడ సంగతులు వెతికాను. ఆ బొమ్మ గీసేనాటికి తనకు వంటే రాదనీ, ఏనాడూ ఇల్లు నడపలేదనీ తర్వాత రోజుల్లో ఆవిడే చెప్పుకుందట. పైకే చదివాను.

"అద్దీ!" అనింది అత్త. కొడుకు మొహం వైపు మాత్రం చూళ్ళేదు. ఎంతైనా కన్నతల్లి.

గట్టు రాయి దగ్గర ఇంకో రభస. మా పుట్టిల్లు చీమకుర్తి. నల్లరాయిలో బంగారు రజను మెరిసే గెలాక్సీ గ్రానైట్ మావైపుదే. ఓడలెక్కి పరాయి దేశాల వంటిళ్ళకు పోతుంది. తెలిసినవాళ్ళ ఫ్యాక్టరీలో మంచి పలక చూసి పంపిస్తానన్నాడు మా నాన్న. డిజైనరు కుర్రాడు ఒప్పుకోలేదు. ఆ చుక్కలు కంటికి గందరగోళమట. పలుగురాతి పొడిని రెసిన్‌తో కలిపి అచ్చుపోసిన తెల్ల క్వార్ట్జ్ పలక తెప్పించాడు. మా నాన్న ఫోన్‌లో కాసేపు ఏమీ మాట్లాడక, "సరేలేమ్మా, అల్లుడిష్టం" అన్నాడు. అల్లుడికది ఆశీర్వచనంలాగే వినబడింది.

తర్వాత సామాను ఏరివేత. "ఏడాదిగా వాడనివన్నీ తీసేయండాంటీ" అన్నాడు కుర్రాడు.

"అరిసెల చెక్కలు ఏడాదికోసారే వాడతాం అబ్బయా. సంక్రాంతి ఏడాదికోసారే వస్తాది మరి."

మురుకుల గొట్టం, పాయసం గుండిగ, కవ్వం, చాట, మూడు సైజుల జల్లెడలు, మా అత్త పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఆవకాయ జాడీలు... ఏ ఒక్కటీ పారేసేది లేదని ఆమె తీర్పు. వంటింట్లో ఒక్కటీ కనపడేది లేదని ఆయన తీర్పు. రెండూ అమలయ్యాయి. బియ్యం బస్తా దేవుడి గదికి పోయింది. గ్రైండరు బాల్కనీలో, జాడీలు మా మంచం కింద. వంటిల్లు మాత్రం బోసిగా, తళతళలాడుతూ ఉంది. చూసినోళ్ళంతా "ఎంత విశాలంగా ఉందో" అన్నారు. మా పడకగదిలోకి ఎవర్నీ రానివ్వలేదు లెండి.

మర్నాడు ఫోటోలు తీసుకోవడానికి కుర్రాడు వస్తానన్నాడు. మా అత్తకు ముచ్చటేసి, బిడ్డకు భోజనం పెట్టాల్సిందే అనింది. నెల్లూరులో భోజనమంటే ఇంకేముంది, చేపల పులుసే. కొర్రమీను, పుల్లమామిడికాయ, ముందురోజు చేసి ఉంచితేనే దానికి రుచి. కానీ అది మట్టిచట్టిలో కాగాలి. కొత్త ఇండక్షన్ పొయ్యికేమో అయస్కాంతం అంటుకునే అడుగు లేకపోతే వేడే పుట్టదు. లక్షలు పోసిన వంటింటిని పక్కనబెట్టి, బాల్కనీలో గ్రైండరు పక్కన పాత గ్యాసు పొయ్యి మీద పులుసు కాచింది.

కాచిన చట్టిని మసిగుడ్డలతో పట్టుకొచ్చి తెల్ల గట్టు అంచున దించబోయి, నడుము గట్టుకు ఆనించింది. పిడుల్లేని సొరుగులు కదా, నొక్కితే తెరుచుకుంటాయి. ఎవరు నొక్కారు, ఎందుకు నొక్కారు అని అడగవు. పై సొరుగు టక్కున ముందుకొచ్చి ఆమె పొట్టలో పొడిచింది. ఆమె "అమ్మో" అని వెనక్కి జరిగింది. చట్టి ఒరిగింది. పులుసు గట్టంతా పారి, నోరు తెరిచిన సొరుగులోకి దిగింది. చెంచాల గడిలో చిక్కటి పులుసు, ఫోర్కుల గడిలో మామిడి టెంక, కత్తుల గడిలో కొర్రమీను తలకాయ. దినుసుకో గడి!

ముక్కలేరి, ఇంకో చట్టిలోకి ఎత్తి, సొరుగు ఊడదీసి కడిగేసరికి అర్ధరాత్రి. గట్టును తెల్లారి చూసుకుందాంలే అనుకున్నాం. తెల్లారేసరికి జానెడు పసుపుమచ్చ గట్టు మీద కూర్చుంది. నిమ్మచెక్క రుద్దాం, సోడా రుద్దాం. మచ్చ కాస్త నిగ్గు తేలింది.

"పసుపు మరక ఎండకు పోతాదిరా" అనింది అత్త. నిజమే, గుడ్డయితే దండెం మీద ఆరేస్తాం. ఆయన మటుకు ఆశగా కిటికీ వైపు చూశారు.

కాలింగ్‌బెల్లు మోగింది. ఆయన పడకగదిలోకి పరుగెత్తి, మంచం కింద నుంచి చేతికందిన ఆవకాయ జాడీ లాక్కొచ్చి మచ్చ మీద పెట్టారు. దుమ్ము కూడా తుడవలేదు.

కుర్రాడు కెమెరా పట్టుకుని గట్టు ముందు చాలాసేపు నిలబడ్డాడు. మాకు గుండెలు దడదడ.

"సార్, ఈ జాడీ ఐడియా ఎవరిది? అద్భుతం! మొత్తం కిచెన్‌కి ప్రాణం పోసింది."

"నాదే" అన్నారు మా ఆయన.

మా అత్త అప్పటికే చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుంది.

"ఇంకా అయిదున్నాయి అబ్బయా, తెమ్మంటావా?"