హాజరు రిజిస్టరు గారికి ఒక సీఎల్ (క్యాజువల్ లీవు) దరఖాస్తు

శ్రీయుత హాజరు రిజిస్టరు గారికి,
మా ఆఫీసు, నల్లగొండ.

నమస్కారాలు. వచ్చే జూన్ నెలాఖరున మధ్యాహ్నం నేను మీ నుంచి విడుదలవుతున్నాను. అసలు 58 ఏళ్లకే రిటైరై పోవాల్సినవాణ్ణి. 2021లో దాన్ని 61 చేసి మనిద్దరి కాపురాన్ని ఇంకో మూడేళ్లు పొడిగించారు. ఆ తేదీ కూడా నాది కాదని మీకు మనవి. మా అమ్మ లెక్క ప్రకారం నేను బతుకమ్మ పండుగ ముందు పుట్టాను. బడిలో చేర్చుకున్న పంతులు సారు మాత్రం జూన్ అని రాశారు. మా ఆఫీసులో సగం మంది జూన్, జూలైల్లోనే పుట్టారు. జూలై 1న పుట్టినవాడైతే జూన్ 30నే రిటైరైపోతాడు. కన్నతల్లి సాక్ష్యానికి సర్వీసు పుస్తకంలో కాలమ్ లేదు.

మీరు అడిగేది ఎప్పుడూ ఒక్కటే: వచ్చాడా, రాలేదా? వచ్చి ఏం వెలగబెట్టాడన్నది మీకు పట్టదు. పదిన్నరకు సంతకం, ఆపైన పది నిమిషాల గ్రేస్, అదీ దాటితే ఎర్ర ఇంకు, మూడు లేట్లకు ఒక సీఎల్ గోవిందా. ఇంత సులువైన పరీక్ష ఇంకోటి ఉంటుందా? ముప్పై ఏళ్లకు పైగా రోజూ పాసవుతూ వస్తే, బతుకులో కూడా పాసయ్యామనే అనిపిస్తుంది కదా! అన్నట్టు, ఇప్పుడు చాలా చోట్ల ఫోనుకు ముఖం చూపిస్తే చాలట. మీకూ రిటైర్మెంట్ దగ్గరపడింది. తర్వాతి మకాం ఎక్కడనుకుంటున్నారు, బీరువా పైనా, కిందా?

డబ్బు విషయంలో మా తయారీకి వంక పెట్టలేరు. మా వయసు వాళ్లను నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా చెబుతారు. పెన్షన్‌లో 40 శాతం దాకా కమ్యుటేషన్ (అంటే ముందే ఒకేసారి చేతికొచ్చే సొమ్ము), 15 ఏళ్లకు మళ్లీ పూర్తి పెన్షన్, వాడుకోని ఈఎల్స్‌కు (ఆర్జిత సెలవులకు) 300 రోజుల దాకా డబ్బులు, గ్రాట్యుటీ, సీనియర్ సిటిజన్ స్కీములో 30 లక్షల దాకా పెడితే మూణ్నెల్లకోసారి వడ్డీ. (2004 సెప్టెంబర్ 1 నుంచి చేరినవాళ్లు సీపీఎస్ కిందికి, అంటే జీతంలోంచి వాటా కోసే కొత్త పెన్షన్ పద్ధతి కిందికి వస్తారు. వాళ్లు పక్కనుంటే ఈ లెక్కలు కాస్త మెల్లగా చెప్పుకుంటాం.) 'అది సరే అన్నా, జూలై ఒకటిన పదిన్నరకు ఏం చేస్తవ్?' అని అడిగితే మాత్రం, 'ఇంకేముంది, రెస్టే' అంటారు.

ఆ రెస్టు ఎలా ఉంటుందో మా ముందు బ్యాచులను చూస్తున్నాం. శాలువాలు బీరువాలోకి వెళ్లిన వారానికే మనిషి ఆఫీసులో ప్రత్యక్షం. తన కుర్చీలో ఇంకొకరు ఉంటారు కాబట్టి పక్కన స్టూలు వేసుకుంటాడు. 'ఊరికెనే, ఇటు పని పడి' అంటాడు. టీ తాగుతాడు, పక్కవాడి ఫైల్లోకి తొంగి చూసి 'ఈ నోట్ ఇట్ల పెట్టొద్దు తమ్మీ' అంటాడు. వెళ్లేముందు మిమ్మల్ని ఒకసారి తిరగేస్తాడు, తన పేరు ఉండే వరసలో ఇప్పుడు ఎవరి పేరు రాశారో చూద్దామని. మిగిలినవాళ్లు పొద్దున ఎన్జీ కాలేజీ గ్రౌండుకు చేరతారు. నడక రెండు రౌండ్లు, డీఏ బకాయిలు నాలుగు రౌండ్లు.

ఇక మా ఇంటావిడ సంగతి. మీ పేజీల్లో ఆమె సంతకం ఎన్నడూ లేదు, కాబట్టి రూల్సు ప్రకారం ఆమె ఏ రోజూ పని చేయలేదు. రిటైర్మెంట్ టెన్షన్ మాత్రం నాకంటే ఆమెకే ఎక్కువ. 'మీరు రిటైరైతరు సరే, నా డ్యూటీ డబలైతది' అంటోంది. 2023 డిసెంబర్‌లో ఆర్టీసీ బస్సు ఆడవాళ్లకు ఉచితం చేసినప్పటి నుంచి చెర్వుగట్టు, యాదగిరిగుట్ట, పాలమూరులో చెల్లెలిల్లు అంటూ నాకంటే ముందే చురుకైన జీవితం మొదలుపెట్టేసింది. చెల్లెలితో కలిసి పిల్లలమర్రి చూసి వచ్చి, ఏడొందల ఏళ్ల చెట్టట, 2018లో చెదలు పడితే సెలైన్లు ఎక్కించి మళ్లీ నిలబెట్టారట అని చెప్పింది. ఆ చెప్పడంలో నా వైపు చూసిన చూపు నాకు నచ్చలేదు. నాకేమో బస్సులో టికెట్ తప్పదు, రైల్లో పెద్దవయసు వాళ్లకిచ్చే రాయితీని 2020 మార్చిలోనే ఎత్తేశారు.

తయారైనవాళ్లూ ఉన్నారు, లేరని కాదు. మా దగ్గరే పనిచేసిన ఒక సారు సర్వీసులో ఉండగానే, యాభై ఆరేళ్లప్పుడు, ఊళ్లో బత్తాయి మొక్కలు నాటారు. బత్తాయి కాపుకు రావాలంటే నాలుగైదేళ్లు పడుతుంది. మీరు ఆయన్ని వదిలేనాటికి తోట ఆయన్ని పట్టుకుంది. ఇప్పుడు కూలీలు దొరకట్లేదని, దళారులు రేటు కోస్తున్నారని తిట్టడానికే పొద్దు చాలట్లేదు. అంత నిండుగా తిట్టే మనిషిని నేను మా ఆఫీసులో చూడలేదు. ఇంకో మేడమ్ ఇప్పటి నుంచే ఆదివారాలు పానగల్లుకు పోయి, ఛాయా సోమేశ్వరాలయం చూడవచ్చిన పిల్లలకు అన్నీ విప్పి చెబుతున్నారు. అక్కడ గర్భగుడిలో పడే స్తంభం నీడ పొద్దు ఎటు తిరిగినా కదలదు. అలాంటివాళ్లు మా సెక్షన్లోనూ ఉన్నారు, అది వేరే సంగతి.

నేను ఇప్పుడు బత్తాయి పెడితే కాయ తినేసరికి 65 దాటుతాయి. పెట్టకపోయినా 65 దాటుతాయి, అది తప్పదు కదా!

రిటైరయ్యాక మీ పీడ పూర్తిగా విరగడవుతుందనీ కాదు. ఏడాదికోసారి లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి, లేకుంటే పెన్షన్ ఆగుతుంది. అక్కడా మీ ప్రశ్నే. ఉన్నాడా, లేడా? ఉండి ఏం చేస్తున్నాడన్న కాలమ్ దాంట్లోనూ లేదు. మీ వంశమే అంత.

అందుకని ఒక నిర్ణయానికి వచ్చాను. మిగిలిన సీఎల్స్‌ను పెళ్లిళ్లకూ దశదినకర్మలకూ తగలేయకుండా, పండుగా పబ్బం లేని ఉత్త బుధవారాల్లో పెడతాను. పదిన్నరకు బనియన్ మీద ఇంట్లో నిలబడి, చేతులు ఎటు పోతాయో చూస్తాను. మొదటి దరఖాస్తు నిన్ననే ఇచ్చాను. కారణం దగ్గర 'సొంత పని' అని రాశాను. మా సూపరింటెండెంట్ నాకంటే పదేళ్లు చిన్నవాడు, కళ్లద్దాలు పైకెత్తి 'ఏం పని సార్?' అని అడిగాడు.

'ఇంకా తెల్వదు, అది వెతకనీకే సెలవు' అన్నాను.

సంతకం పెట్టాడు. మార్చిలో మాత్రం బిల్లులుంటయ్ సార్, అప్పుడు వెతకొద్దన్నాడు.

ఇట్లు,
మీ వరస నంబరు నాలుగు