ట్రైలర్ నమ్మితే తప్పు కొన్నవాడిదా?

“ట్రైలర్ చూసి గేమ్ కొనేసి, తర్వాత మోసం మోసం అని గోల చేయడం దేనికి? ట్రైలర్ అంటేనే ఉన్నదాన్ని గొప్పగా చూపించడం, సినిమావాళ్లు చేయడం లేదా? తయారయ్యేలోపు గేమ్‌లో కొన్ని మారిపోతాయి, అది మామూలే. కింద చిన్న అక్షరాల్లో రాసే ఉంటుంది, చదువుకోవాలి. ఫోన్ గేమ్ అయితే ఫ్రీ, పోయేదేమీ లేదు. నచ్చకపోతే రిఫండ్ తీసుకోండి.” ఈ అర్థం వచ్చే పోస్టు మాటలు మార్చుకుంటూ ఎప్పటినుంచో తిరుగుతోంది. గేమింగ్ అంటే ప్రాణం పెట్టే కుర్రాళ్లే దీన్ని ఎక్కువగా షేర్ చేస్తున్నారు. డబ్బు పోగొట్టుకున్నవాడిని తెలివితక్కువవాడిగా నిలబెట్టి, అబద్ధం చెప్పినవాడిని తప్పించే మాట ఇది. అందుకే ఒక్కోదానికీ జవాబు చెప్పాలి.

ముందు సినిమా పోలిక చూద్దాం. సినిమా ట్రైలర్‌లో కనిపించే షాట్లు సాధారణంగా ఆ సినిమా కోసం తీసినవే. ఒకటి రెండు ఎడిటింగ్‌లో ఎగిరిపోవచ్చు, అంతవరకే. గేమ్ ట్రైలర్ సంగతి వేరు. ఆటతో సంబంధం లేకుండా విడిగా చేయించిన యానిమేషన్‌ని ‘ఇదే ఆట’ అన్నట్టు చూపించే వీలుంది. 2005లో లాస్ ఏంజెలెస్‌లో జరిగిన ఈ3 అనే గేమ్‌ల ప్రదర్శనలో సోనీ చూపించిన కిల్‌జోన్ 2 గేమ్ వీడియో అలాంటిదే. ఎవరో కంట్రోలర్ పట్టుకుని ఆడుతున్నట్టే సాగుతుంది, కానీ అది ముందే తయారుచేసి పెట్టుకున్న యానిమేషన్. ఆ గేమ్ నడవాల్సిన సోనీ కన్సోల్ (టీవీకి తగిలించి ఆడే మెషీన్) ప్లేస్టేషన్ 3 అప్పటికి మార్కెట్లోకే రాలేదు, 2006 నవంబర్‌లో వచ్చింది. గేమ్ 2009లో విడుదలైంది, బాగుందనే పేరే తెచ్చుకుంది. అయినా, ఏ కన్సోల్ కొనాలా అని చూస్తున్నవాళ్లకి ఆ కన్సోల్ మీద నడవని బొమ్మ చూపించి ఆశపెట్టారన్నది మారదు.

ఏలియన్స్: కలోనియల్ మెరీన్స్ అనే గేమ్‌ది ఇంకా స్పష్టమైన కేసు. విడుదలకు ముందు డెమోల్లో చూపించిన వెలుగునీడలు, సన్నివేశాలు 2013 ఫిబ్రవరిలో వచ్చిన గేమ్‌లో చాలావరకు లేవు. బ్రిటన్‌లో ప్రకటనలను పర్యవేక్షించే సంస్థ ఏఎస్ఏకి ఫిర్యాదు వెళ్లింది. ట్రైలర్లు తుది గేమ్‌ని సరిగ్గా చూపించలేదని పబ్లిషర్ సేగా ఒప్పుకుని, వాటి మీద ఆ సంగతి రాస్తామంది. అమెరికాలో కొనుగోలుదారులు కోర్టుకెక్కితే 12.5 లక్షల డాలర్ల సెటిల్‌మెంట్‌కి సిద్ధపడింది. ట్రైలర్ అంటే ఇంతే అని సర్దుకుపోయే విషయమే అయితే సేగా ఒప్పుకోవాల్సిన అవసరం ఏముంది?

‘తయారయ్యేలోపు మారతాయి’ అన్న మాటలో నిజం ఉంది, దాన్ని కొట్టిపారేయను. పెద్ద గేమ్ తయారీకి నాలుగైదేళ్లు పడుతుంది. మొదట అనుకున్నది మెషీన్ మోయలేకపోవచ్చు, ఒక ఫీచర్ అసలు కుదరకపోవచ్చు. వాచ్ డాగ్స్ గేమ్‌ని 2012లో చూపించినప్పుడున్న మెరుపు 2014లో విడుదలైన గేమ్‌లో లేదని చాలామంది బాధపడ్డారు. కొన్ని వారాలకే ఒక మోడర్ (గేమ్ ఫైళ్లని సొంతంగా మార్చుకునేవాడు), పాత ఎఫెక్టులు కొన్ని పీసీ గేమ్ ఫైళ్లలోనే ఉన్నాయని కనిపెట్టి వాటిని ఆన్ చేశాడు. గేమ్ సాఫీగా నడవడం కోసమే ఆపేశామని ఆ గేమ్ కంపెనీ యూబీసాఫ్ట్ వివరణ ఇచ్చింది. అది నిజమే కావచ్చు. నా అభ్యంతరం మార్పు గురించి కాదు. మారిందని తెలిసిన రోజు నుంచి, ముందస్తు ఆర్డర్లు తీసుకుంటున్న ప్రతి రోజూ ఆ సంగతి చెప్పాలి కదా? పాత వీడియోని తీసేయాలి కదా?

సైబర్‌పంక్ 2077 దగ్గర జరిగింది చూస్తే ఈ ‘మార్పు’ వెనక ఏం దాక్కుంటుందో తెలుస్తుంది. 2020 డిసెంబర్ 10న గేమ్ వచ్చింది. అంతకుముందు రివ్యూలు రాసేవాళ్లకి ఇచ్చినవి పీసీ కాపీలే. ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్ మీద గేమ్ ఎలా నడుస్తుందో చూసే అవకాశం వాళ్లకి లేదు. అదే సమయంలో ఆ పాత కన్సోళ్లున్న లక్షల మంది దగ్గర ముందే డబ్బు తీసుకున్నారు. ఒక బియ్యం శాంపిల్ చూపించి, ఇంటికి వేరే బస్తా తోలడమే ఇది. పాత కన్సోళ్ల మీద గేమ్ మధ్యలో ఆగిపోయేది, మనుషుల ముఖాలు మసకగా వచ్చేవి. వారం రోజులకే సోనీ తన స్టోర్ నుంచి గేమ్‌ని తీసేసి రిఫండ్లు ప్రకటించింది. మళ్లీ పెట్టింది 2021 జూన్‌లో. పాత కన్సోళ్లకి ఇంకా టైం కావాలన్న హెచ్చరికలు పట్టించుకోలేదని గేమ్ తయారుచేసిన సీడీ ప్రాజెక్ట్ యాజమాన్యమే ఒప్పుకుంది. అంటే గేమ్ స్థితి లోపలివాళ్లకి తెలుసు, తెలియనిది కొన్నవాళ్లకే.

అన్ని ఫిర్యాదులూ నిలవవు, అదీ చెప్పాలి. నో మ్యాన్స్ స్కై మీద 2016లో వచ్చిన ఫిర్యాదులని ఏఎస్ఏ పరిశీలించి, స్టోర్ పేజీ తప్పుదోవ పట్టించలేదని తేల్చింది. ఆ గేమ్ చేసినవాళ్లు ఏళ్ల తరబడి ఉచిత అప్‌డేట్లు ఇస్తూ వచ్చారు కూడా. ఫిర్యాదు వస్తే విచారించి, తప్పు లేకపోతే లేదని చెప్పే వ్యవస్థ అక్కడ ఉంది. ఫిర్యాదే చేయొద్దనే ఈ పోస్టు కంటే అది ఎంతో నయం.

ఇక ఫోన్ గేమ్‌ల యాడ్లు. చూడనివాళ్లు ఉండరు. ఒక మనిషి ఇరుకు గదిలో ఉంటాడు. ఒకవైపు లావా, ఒకవైపు నీళ్లు, మధ్యలో బంగారం, అన్నిటికీ అడ్డంగా పిన్నులు. ఒక చెయ్యి వచ్చి కావాలని తప్పు పిన్ను లాగుతుంది, మనిషి చస్తాడు. చూస్తున్నవాడికి ఒళ్లు మండుతుంది, నేనైతే ఇలా చేసేవాణ్ని కాదు అనిపిస్తుంది. వేలు ఇన్‌స్టాల్ మీదకి వెళ్లేది ఆ క్షణంలోనే. తీరా తెరిస్తే లోపల ఉండేది ఒకే రంగువి మూడేసి కలిపే ఆట.

‘కింద రాసే ఉంటుంది’ అన్నదానికి జవాబు ఇక్కడే ఉంది. హోమ్‌స్కేప్స్, గార్డెన్‌స్కేప్స్ గేమ్‌ల యాడ్లు సరిగ్గా ఇలాంటివే. ‘ఇందులోని దృశ్యాలన్నీ అసలు ఆటవే అని కాదు’ అని వాటి మీద రాసి ఉంది. ఆ పిన్నుల ఆట తమ గేమ్‌లలో ఉందని కూడా వాటిని తయారుచేసిన ప్లేరిక్స్ కంపెనీ వాదించింది. ఉన్న మాట నిజమే, ఎక్కడో అరుదుగా. 2020 సెప్టెంబర్‌లో ఏఎస్ఏ ఆ రెండు యాడ్లనీ నిషేధించింది. యాడ్ మొత్తం ఒకటి చూపిస్తుంటే, చిన్న గీత రాసినంత మాత్రాన సరిపోదన్నది దాని తీర్పు.

మన దేశంలో నియమం ఇంకా సూటిగా ఉంది. తప్పుదోవ పట్టించే ప్రకటనలపై 2022 జూన్‌లో కేంద్రం తెచ్చిన మార్గదర్శకాల ప్రకారం, డిస్క్లెయిమర్ (కింద రాసే ఆ చిన్న గమనిక) అసలు ప్రకటనకి విరుద్ధంగా ఉండకూడదు. ప్రకటన ఏ భాషలో ఉంటే అదీ ఆ భాషలోనే ఉండాలి. తెలుగులో గొంతు వినిపించి, కింద చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాలు పెట్టే యాడ్ ఈ లెక్కన నిలవదు.

‘ఫ్రీ కదా’ అన్నది నాకు అన్నిటికంటే ఎక్కువ కోపం తెప్పించే మాట. ఇన్‌స్టాల్ చేయించడానికి కంపెనీ తలకింత అని యాడ్లకి ఖర్చు పెడుతుంది. రకరకాల యాడ్లు వదిలి, తక్కువ ఖర్చుకి ఎక్కువమందిని తెచ్చినదాన్ని ఉంచి మిగతావి తీసేస్తుంది. ఆ యాడ్‌కీ గేమ్‌కీ పోలిక ఉందా లేదా అన్నది ఆ లెక్కలో రాదు. వచ్చినవాళ్లలో కొద్దిమంది లైఫ్‌లకీ, కాయిన్లకీ పెట్టే డబ్బుతోనే వ్యాపారం నడుస్తుంది. మా అక్క కొడుకు వాళ్లమ్మ ఫోన్‌లో ఇలాంటి గేమే ఒకటి దించుకున్నాడు. లెవెల్ తర్వాత లెవెల్ ఆడుతూ, “మామా, ఆ పిన్నుల ఆట ఏ లెవెల్లో వస్తుంది?” అని అడిగాడు. యాడ్ అబద్ధమని వాడికి తట్టలేదు. తనే ఇంకా అక్కడిదాకా వెళ్లలేదనుకున్నాడు. ఆ నమ్మకంతోనే లైఫ్‌లు కొనిపెట్టమని వాళ్లమ్మని సతాయించాడు. పోయేదేమీ లేదనేవాళ్లు ఆ పిల్లాడి ముందు ఈ మాట అనగలరా?

పైగా జనానికి ఆ ఆట నిజంగానే కావాలి. జపాన్‌కి చెందిన మంకీక్రాఫ్ట్ కంపెనీ 2023లో ఇలాంటి యాడ్లలోని ఆటలనే నిజంగా తయారుచేసి, డబ్బుకే అమ్మింది. చూపించిందే ఇవ్వడం చేతకాని పనేమీ కాదు.

మిగిలింది రిఫండ్. పీసీ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, 2 గంటల లోపు ఆడి ఉంటే ఇస్తారు. పెద్ద గేమ్‌లలో 2 గంటలంటే పరిచయం ముగిసేసరికే అయిపోతుంది. ప్లేస్టేషన్ స్టోర్‌లో డౌన్‌లోడ్ మొదలుపెట్టాక, గేమ్‌లో లోపం ఉంటే తప్ప ఇవ్వరు. ద డే బిఫోర్ అనే గేమ్ 2023 డిసెంబర్ 7న వచ్చింది. ట్రైలర్లు చూసి స్టీమ్‌లో లెక్కలేనంతమంది విష్‌లిస్ట్‌లో (కొనాలనుకునేవాటి జాబితాలో) పెట్టుకున్న గేమ్ అది. నాలుగు రోజులకే తయారుచేసిన స్టూడియో మూసేస్తున్నట్టు ప్రకటించింది. కొన్నవాళ్లకి డబ్బు తిరిగొచ్చింది, కానీ గోల చేశారు కాబట్టే వచ్చింది. సోనీ చేతిలో పట్టుకుని ఆడే మెషీన్ ప్లేస్టేషన్ వీటా ప్రకటనల మీద 2014లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కదిలాకే, కొన్నవాళ్లకి 25 డాలర్ల నగదు లేదా 50 డాలర్ల వోచర్ ఇవ్వడానికి సోనీ ఒప్పుకుంది. ఈ పోస్టు వెక్కిరించే ‘గోల’ వల్లే రిఫండ్ అన్నది ఈ స్థాయికి వచ్చింది.

మనకీ దారి ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకి మొదటిసారి 10 లక్షల రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయొచ్చు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబర్ 1915, అక్కడ తెలుగులోనే మాట్లాడొచ్చు. ఫోన్‌లో వచ్చే యాడ్ రేపటికి కనిపించకపోవచ్చు కాబట్టి, కనిపించినప్పుడే స్క్రీన్ రికార్డ్ చేసుకోండి. గేమ్ స్టోర్ పేజీనీ, డబ్బు కట్టిన రసీదునీ స్క్రీన్‌షాట్ తీసి, ఆ తర్వాత ఫోన్ చేయండి.