చచ్చాక కత్తెందుకు?

పరలోకంలో నడిచే కథని రోల్‌ప్లేయింగ్ గేమ్‌గా ఆడించేవాళ్లలో చాలామంది ఒకటే పని చేస్తారు. ఈ ఆటల్లో ఎప్పుడూ ఉండే గుహకే ఇంకాస్త మంట పెట్టి, గోడలకి పుర్రెలు తగిలించి, కాపలా రాక్షసులకి కొమ్ములు మొలిపించి, దాన్నే నరకం అంటారు. ఆటగాళ్లు మామూలుగానే కత్తులు దూస్తారు. పాచికలు దొర్లుతాయి, రాక్షసుడు కూలతాడు, పెట్టెలో బంగారం దొరుకుతుంది. చచ్చినవాడికి బంగారం దేనికని ఎవరూ అడగరు.

ఈ ఆట తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌తో ఈ రకం ఆటలు జనంలోకి వచ్చాయి. ఒకరు గేమ్ మాస్టర్‌గా కూర్చుని లోకాన్ని నడుపుతారు. మిగతావాళ్లు తలా ఒక పాత్ర తీసుకుని ‘నేనిప్పుడు ఇది చేస్తాను’ అంటారు. అయ్యేదీ కానిదీ తేలనిచోట పాచిక వేస్తారు. పోరాటం ఘట్టాల్లో ఆటని నడిపించేది చావు భయమే. 2014లో వచ్చిన అయిదో ఎడిషన్ ప్రకారం, ప్రాణం లెక్క (హిట్ పాయింట్లు) సున్నాకి చేరిన పాత్ర తన వంతు వచ్చినప్పుడల్లా ఇరవై ముఖాల పాచిక వెయ్యాలి. పదీ ఆపైన మూడుసార్లు పడితే గండం గట్టెక్కినట్టే. అంతకంటే తక్కువ మూడుసార్లు పడితే కథ ముగిసినట్టు. ఆ పాచిక దొర్లుతున్నంతసేపూ టేబుల్ చుట్టూ మాట ఉండదు.

పాత్రలన్నీ ముందే చచ్చిపోయి ఉంటే ఆ భయం ఎక్కణ్ణుంచి వస్తుంది? కొందరు ‘ఇక్కడ చస్తే ఆత్మే నశించిపోతుంది’ అని ఇంకో నియమం తగిలిస్తారు. అది పాత చావుకే కొత్త పేరు. దానికోసం పరలోకం దాకా పోనక్కర్లేదు, గుహలో కూర్చున్నా సరిపోతుంది.

పరలోకంలో ఆడే ఆట లెక్క తేల్చుకోవడం గురించి, వాదించడం గురించి ఉండాలన్నది నా అభిప్రాయం. ఈ సంగతి మన కథలకి ఎప్పుడో తెలుసు. సావిత్రి యముడి వెంట వెళ్లింది ఏ ఆయుధం పట్టుకుని? మామగారికి చూపు, పోయిన రాజ్యం, తండ్రికి కొడుకులు అంటూ వరం మీద వరం అడిగి, చివరికి తనకీ బిడ్డలు కావాలంది. మాట ఇచ్చేశాక యముడికి సత్యవంతుణ్ణి వదలక తప్పలేదు. నచికేతుడు యముడి గడపలో మూడు రాత్రులు తిండి లేకుండా కాచుకుని మూడు వరాలు సంపాదించాడు. ఇద్దరూ గెలిచింది మాటతోనే. (మార్కండేయుడి విషయంలో బలప్రయోగం జరిగింది నిజమే. కానీ అక్కడ వచ్చినవాడు శివుడు, ఆయన లెక్క వేరు.)

గేమ్ మాస్టర్ ఇక్కడ పట్టుకోవాల్సిన కిటుకు ఒకటుంది. యముడు బలవంతుడే గానీ స్వేచ్ఛ ఉన్నవాడు కాదు. నియమానికి కట్టుబడ్డవాడు, ఇచ్చిన మాటకి కట్టుబడ్డవాడు, చిత్రగుప్తుడి పద్దుకి కట్టుబడ్డవాడు. మన సినిమాలు యమలోకాన్ని గవర్నమెంటు ఆఫీసులా చూపించి, ఒకరికి బదులు ఇంకొకరి ప్రాణం తెచ్చిన భటుల మీద ఇన్నేళ్లుగా జోకులు వేయిస్తున్నాయంటే కారణం అదే. నియమాలున్న చోట పొరపాటుంటుంది, పొరపాటున్న చోట అప్పీలుంటుంది. ఆదిపర్వంలో మాండవ్యుడి కథ చూడండి. చిన్నతనంలో పురుగుల్ని గుచ్చినందుకు పెద్దయ్యాక శూలం మీదెక్కాల్సి వచ్చింది. ఇదేం న్యాయమని ఆయన యముణ్ణే నిలదీశాడు. పద్నాలుగేళ్ల లోపు చేసింది పాపం కాదని కొత్త నియమం పెట్టి, యముణ్ణి భూమ్మీద పుట్టమని శపించాడు. అలా పుట్టినవాడే విదురుడు. తీర్పు చెప్పేవాడికే శిక్ష పడింది. ఇంతకంటే మంచి అడ్వెంచర్ ఎవరు రాసివ్వాలి?

మరి టేబుల్ దగ్గర ఇదంతా ఎలా నడుస్తుంది? మా బృందం ఆడినప్పుడు నేను పద్దు తయారుచేసింది పాత సెషన్ల, అంటే ఇదివరకు కూర్చుని ఆడిన విడతల, నోట్సులోంచే. మొట్టమొదటి సెషన్‌లో వాళ్లు ఒక కోట ద్వారం దగ్గర కాపలావాణ్ణి చంపారు. అప్పుడు వాడికి పేరు కూడా లేదు, ఏడు హిట్ పాయింట్లు మాత్రం ఉన్నాయి. పరలోకంలో నది దాటడానికి వరుసలో నిలబడితే వీళ్లకి సరిగ్గా ముందు వాడే ఉన్నాడు. వెనక్కి తిరిగి, ‘నన్ను గుర్తుపట్టారాండీ? ఆ రాత్రి ద్వారం దగ్గర నేనే. మీరు తొందరలో ఉన్నారు’ అన్నాడు. కత్తి మొనగాడి పాత్ర ఆడుతున్నాయన ముందు నవ్వాడు. తర్వాత తన పాత్ర వివరాలుండే కాగితం, క్యారెక్టర్ షీట్, తిరగేశాడు, అక్కడ పనికొచ్చే సామర్థ్యం ఏదైనా ఉందేమోనని. ఏమీ లేదు. చివరికి, ‘నీ పేరేమిటి?’ అన్నాడు. ఆ ప్రశ్న తర్వాత ఆ రాత్రంతా ఎవరూ పోరాటం ఊసెత్తలేదు. కాపలావాడు సాక్ష్యం చెప్పడానికి ఒప్పుకోవాలంటే వాళ్లేం చెయ్యాలన్నదే కథయింది.

తీర్పు మాత్రం గేమ్ మాస్టర్ చెప్పకూడదు. స్నేహితుడి పాత్రని పట్టుకుని ‘నువ్వు పాపివి’ అన్నామంటే అది ఆట కాదు, పెత్తనం. సాక్షుల్ని నిలబెట్టండి, పద్దు చదివించండి, వాదన ఆటగాళ్లకే వదిలెయ్యండి. ఒకరి తరఫున ఇంకొకరు వకాల్తా పుచ్చుకుంటే మరీ బాగుంటుంది. 1994లో వచ్చిన రెయిత్: ది ఆబ్లివియన్ అనే ఆటలో అందరివీ ప్రేతాల పాత్రలే. ప్రతి ప్రేతంలో ఉండే చీకటి మనసుని పక్కన కూర్చున్న ఇంకో ఆటగాడు ఆడతాడు. నీ పాత్ర చెవిలో ‘వదిలెయ్, ఎవరికోసం ఇదంతా?’ అని గొణిగేది నీ స్నేహితుడే. గేమ్ మాస్టర్ ఒక్కడే భయపెట్టడం కంటే ఇది పదింతలు పనిచేస్తుంది.

ఇంకో తప్పు కలగాపులగం. ఒక ద్వారం దగ్గర ఈజిప్టు దేవుడు అనుబిస్, రెండో దాని దగ్గర గ్రీకుల పడవ నడిపే కేరన్, లోపల చిత్రగుప్తుడు. చదవడానికి సరదాగానే ఉంటుంది గానీ, ఒక్కో పరలోకం అడిగే ప్రశ్న ఒక్కోటి. ఈజిప్టు వాళ్ల తక్కెడలో ఒక పక్క గుండె, రెండో పక్క సత్యానికి దేవత అయిన మాత్ ఈక. అక్కడ ప్రశ్న నీ గుండె బరువెంత అని. చనిపోయిన భార్యని తెచ్చుకోవడానికి పరలోకానికి వెళ్లిన గ్రీకుల ఆర్ఫియస్‌కి పెట్టిన షరతు, ఆమె వెంట వస్తుంటే వెనక్కి చూడకూడదని. అక్కడ ప్రశ్న నమ్మకం. మూడింటినీ కలిపితే ఏ ప్రశ్నా మిగలదు, వేషాలే మిగులుతాయి. ఒకటి ఎంచుకుని దాన్ని చివరిదాకా నడపాలి.

నన్నడిగితే ఎంచుకోవాల్సింది స్వర్గారోహణ పర్వం అడిగే ప్రశ్నని. ధర్మరాజు స్వర్గానికి వెళ్లేసరికి అక్కడ దుర్యోధనుడు దర్జాగా కూర్చుని ఉన్నాడు. తమ్ముళ్లేరీ అని అడిగితే దేవదూత చీకటి దారిలో నరకానికి తీసుకెళ్లాడు. దుర్గంధం భరించలేక వెనక్కి తిరగబోతుంటే, ‘కాసేపు ఉండు, నువ్వుంటే మాకు హాయిగా ఉంది’ అని గొంతులు వినిపించాయి. భీముడివి, అర్జునుడివి, ద్రౌపదివి. ధర్మరాజు అక్కడే ఉండిపోతానన్నాడు. అదంతా మాయ అని తర్వాత తేలింది. ద్రోణుణ్ణి మాటతో మోసం చేసినందుకు ఆయనకీ మోసంతోనే నరకం చూపించారు. చేసిన పనికి సరితూగే శిక్ష అంటే అదీ. ఆటలో ఈ ఘట్టానికి పాచికతో పనిలేదు. ‘ఉంటావా, వెళ్తావా?’ అని అడిగి నోరు మూసుకోవడమే గేమ్ మాస్టర్ పని.

మొదలుపెట్టే ముందు ఒకటి చూసుకోవాలి. టేబుల్ దగ్గర ఈమధ్యే ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్లు ఉండొచ్చు. కథ పరలోకంలో అని ముందే చెప్పండి. ఏం వద్దో ఒక్కొక్కరినీ విడిగా అడగండి. మధ్యలో ఎవరైనా చెయ్యెత్తితే కారణం అడగకుండా ఆ ఘట్టం దాటెయ్యండి. చావు మీద ఆటలేమిటని కోప్పడే పెద్దలకి మాత్రం నా దగ్గర సంజాయిషీ లేదు. నచికేతుడు అడిగిన మూడో వరమే చచ్చాక ఏమవుతుందో చెప్పమని, అడిగింది చిన్నపిల్లవాడు.

చివర్లో పాత్రలన్నిటినీ మూకుమ్మడిగా బతికించి ఇంటికి పంపెయ్యడం కూడా నాకు నచ్చదు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అదే అయిదో ఎడిషన్‌లో చనిపోయినవాణ్ణి లేపే మంత్రానికి అయిదొందల బంగారు నాణేల వజ్రం కావాలి, చనిపోయి పది రోజులు దాటకూడదు. ఆ రెండూ అందరికీ గుర్తుంటాయి. ఆత్మకి తిరిగి రావడం ఇష్టమై ఉండాలని కూడా ఆ మంత్రంలోనే రాసుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. పరలోకపు కథలో అన్నిటికంటే పనికొచ్చే వాక్యం అదే. ఒక్కొక్కరినీ పేరు పెట్టి అడగండి. ఎవరో ఒకరు రానంటారు. మిగతావాళ్లు అతన్ని ఒప్పించడానికి చూస్తారు. ఆ వాదనకే ఒక పూర్తి సెషన్ అట్టిపెట్టుకోండి.