సాలీడు పాకితే సర్పి రాదు: పెరటి పురుగుల మీద తిరుగుతున్న మెసేజ్‌కి జవాబు

వానలు మొదలైన దగ్గర్నుంచీ విజయనగరంలో మా బంధువుల గ్రూపుల్లో, కాలనీ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "తోటపని చేసే ఆడవాళ్లకూ పిల్లలకూ హెచ్చరిక" అని మొదలవుతుంది. అందులో ఉన్నది ఇదీ: సాలీళ్లన్నీ విషపురుగులే, ఒంటిమీద పాకినా చాలు సర్పి, అంటే వరసగా పొక్కులు, లేస్తుంది. పెరట్లో పురుగు కనిపించగానే మందు కొట్టాలి. సాలెగూడు ఉన్న ఇంటికి దరిద్రం. పురుగులంటే భయం పుట్టుకతో వచ్చేది, మామూలుగా పోదు. పోవాలంటే పురుగుని చేతిలో పెట్టి గుప్పిట మూయించాలి, ఒక్క రోజులో వదులుతుంది.

మొదట్లో చూసి వదిలేశాను. కానీ మా అక్క కూతురు, పదేళ్ల పిల్ల, నెల్లిమర్లలో మా ఇంటికొస్తే పెరట్లోంచి కదిలేది కాదు. ఈసారి వచ్చి వెనక గుమ్మం దాటలేదు. "పిన్నీ, సాలీడు పాకితే సర్పి వస్తుందట కదా" అంది. అందుకే కూర్చుని రాస్తున్నాను. సాలీడంటే ఏళ్ల తరబడి వణికిన మనిషిని నేను. ఆ భయం ఎలా ఉంటుందో తెలుసు, ఎలా పోయిందో కూడా తెలుసు.

ముందు సర్పి సంగతి. దానికీ సాలీడుకీ ఏ సంబంధమూ లేదు. ఆటలమ్మ వచ్చి తగ్గినవాళ్ల ఒంట్లోంచి ఆ వైరస్ పూర్తిగా పోదు, నరాల మొదళ్లలో అణిగి ఉంటుంది. వయసు మళ్లినప్పుడో, ఒంట్లో రోగనిరోధక శక్తి తగ్గినప్పుడో మళ్లీ లేచి ఒక నరం వెంట చర్మం మీదికి వస్తుంది. ఆ నరం దారి ఎంతవరకో అంతవరకే పొక్కులు. అందుకే అవి ఎక్కువగా ఒంటికి ఒకవైపే, పట్టీ కట్టినట్టు వరసగా లేస్తాయి. ఆ వరస చూసి ఏదో పాకి వెళ్లిందని పెద్దవాళ్లు అనుకోవడంలో వింత లేదు. కానీ ఇప్పుడు ఆ మాట ప్రచారం చేస్తే నష్టం జరుగుతుంది. పొక్కులు కనిపించిన 72 గంటల్లోపు వైరస్ మందు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. సాలీడు పాకిందనుకుని ఆకుపసర్లు పూసుకుంటూ కూర్చుంటే ఆ మూడు రోజులూ చేతులారా పోగొట్టుకున్నట్టే. కంటి దగ్గర లేస్తే చూపుకే ప్రమాదం.

అయితే వానాకాలంలో, ముఖ్యంగా వరి పొలాల పక్క ఊళ్లలో, పొద్దున లేచేసరికి మెడ మీదో చేతి మీదో కాలినట్టు ఎర్రటి చార కనిపించడం నిజమే. చాలాసార్లు అది చేసేది సాలీడు కాదు, పెడెరస్ అనే చిన్న పెంకు పురుగు. పొడవు సెంటీమీటరు లోపే. చూడ్డానికి పెద్ద చీమలా ఉంటుంది. తల నలుపు, మెడ నారింజ రంగు, నడుము మీద నీలి నలుపు పెంకు, మళ్లీ నారింజ, తోక కొస నలుపు. రాత్రి ట్యూబులైటు కిందికి వస్తుంది. అది కుట్టదు, కరవదు. మనం చర్మం మీద నలిపేస్తే దాని ఒంట్లో ఉన్న పెడెరిన్ అనే రసం అంటుకుని, ఒకటి రెండు రోజుల్లో మంట, పొక్కులు వస్తాయి. వాలితే ఊది పంపేయండి. నలిగిపోతే వెంటనే సబ్బుతో కడగండి, ఆ చేత్తో కళ్లు ముట్టుకోకండి. ఇంతకీ వరిచేలో ఇది, పైరు రసం పీల్చే సుడిదోమను తినే పురుగు.

ఇక "అన్నీ విషపురుగులే" అన్న మాటలో సగం నిజముంది, అందుకే జనం నమ్ముతున్నారు. దాదాపు సాలీళ్లన్నిటికీ విషం ఉంటుంది. అది ఈగకీ మిడతకీ సరిపడా విషం. ప్రపంచంలో ఇప్పటిదాకా గుర్తించిన సాలీళ్లు 50 వేల రకాల పైమాటే, వాటిలో మనిషికి నిజంగా ప్రమాదం చేసేవి చాలా కొద్ది. మన బీర పందిళ్ల మీద, గోరింట పొదల్లో, గోడల మీద రోజూ కనిపించేవి పట్టుకుని నొక్కితే తప్ప కరవవు. కరిచినా సాధారణంగా చీమో తేనెటీగో కుట్టినంత మంట, అంతే. వాపు పెరుగుతూ పోతే డాక్టరుకి చూపించుకోండి, దేనికైనా అంతే కదా.

జాగ్రత్త పడాల్సింది వేరే వాటి దగ్గర. ఇటుకల కింద, కుండీల అడుగున, కొబ్బరి మట్టల కుప్పలో తేలు ఉంటుంది, జెర్రి ఉంటుంది. చూరు కింద కందిరీగలు ఉంటాయి. ఇటుకని ఒట్టి చేత్తో ఎత్తొద్దు, కర్రతో తిప్పండి. బయట వదిలిన చెప్పులు దులిపి వేసుకోండి. ఎర్ర తేలు కుట్టి ఒళ్లంతా చెమటలు పట్టి, వాంతులై, చేతులు చల్లబడితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి, పిల్లలనైతే మరీను. దానికి ప్రజోసిన్ అనే మందు పనిచేస్తుందని మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ చూపించారు. అంతకుముందు ఎందరో పిల్లలు ఆ కాటుకి పోయేవారు. మెసేజ్‌లో తేలు గురించి ఒక్క ముక్క లేదు. ఏమీ చేయని సాలీడు మీద మాత్రం పది వాక్యాలున్నాయి.

మందు కొట్టమన్న మాట మీద నా అనుభవం చెప్తాను. రెండేళ్ల కిందట సంక్రాంతి ముందు మా చిక్కుడు పాదుకి పేనుబంక పట్టింది. తీగ కొసలన్నీ నల్లగా మసి పూసినట్టయ్యాయి. ఆ నలుపు మధ్యలో మొసలి పిల్లల్లా, గరుకు వీపుతో, నారింజ మచ్చలతో చిన్న పురుగులు తిరుగుతుంటే భయమేసింది, ఆకుల్ని తినేసేవి ఇవే అనుకున్నాను. అన్నిటి మీదా మందు కొట్టాను. తర్వాత తెలిసింది, అవి అక్షింతల పురుగు పిల్లలు. పేనుబంకని తినడానికి వచ్చినవి. అవి చచ్చాయి, పేనుబంక రెండు వారాల్లో మళ్లీ పట్టింది, ఈసారి తినేవాళ్లు లేక పాదు మొత్తం అల్లుకుంది.

పెద్ద ఎత్తున జరిగేదీ ఇదే. వరి దుబ్బుల మొదళ్లలో పరిగెత్తే సాలీళ్లు సుడిదోమని వేటాడతాయి. ఎడాపెడా మందు కొడితే సాలీళ్లు పోయి, సుడిదోమ రెట్టింపుగా తిరగబడుతుంది. ఈ దెబ్బ తిన్న ఇండొనేసియా 1986లో వరి మీద 57 పురుగుమందులు వాడకుండా నిషేధించింది. మన దగ్గర కూడా మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందుని కూరగాయల మీద వాడకూడదని 2005లోనే నిషేధించారు. పెరట్లో కోసిన బీరకాయ ఆ సాయంత్రమే కూరయ్యే ఇళ్లు మనవి. అక్కడ పురుగు కనిపించగానే మందు పట్టుకునే అలవాటు పిల్లలకి నేర్పొద్దు.

సాలెగూడూ దరిద్రమూ అన్నది నమ్మకం. ఇంట్లో బూజు దులుపుకోండి, పందిరి మీది గూడు జోలికి పోకండి. ఇంతకన్నా చెప్పడానికి లేదు.

చివరిదాని మీదే నాకు కోపం. పురుగుని పిల్లల గుప్పిట్లో పెట్టి మూయించమనడం ఎంత క్రూరం! భయం పోదన్నది అబద్ధం, బలవంతం చేస్తే పోతుందన్నది అంతకన్నా ప్రమాదకరమైన అబద్ధం. సాలీడు కనిపించగానే పారిపోతాం, గుండె దడ తగ్గుతుంది. పారిపోయాను కాబట్టి గండం తప్పిందని మనసు నేర్చుకుంటుంది. ప్రతి పరుగూ భయానికి మేత. అదే ఉన్నచోట ఉంటే దడ కాసేపు పెరిగి, తర్వాత దానంతట అదే దిగుతుంది. కానీ ఆ ఉండడం మన ఇష్టంతో ఉండాలి. 1924లో మేరీ కవర్ జోన్స్ అనే అమెరికా మానసిక శాస్త్రవేత్త కుందేలంటే భయపడే చిన్న పిల్లాడికి ఇష్టమైన తిండి పెడుతూ, రోజుకి కాస్త చొప్పున కుందేలుని దగ్గరికి తెచ్చి ఆ భయం పోగొట్టింది. 1989లో స్వీడన్ మానసిక శాస్త్రవేత్త లార్స్ గొరాన్ ఓస్ట్ మూడు గంటలకి మించని ఒక్క సిట్టింగులో చేసే చికిత్స గురించి రాశాడు. అక్కడ కూడా ప్రతి మెట్టూ ముందు చెప్పి, మనిషి సరేనన్నాకే. గుప్పిట మూయించడం అందులో లేదు.

నా భయం ఇవేవీ తెలియకుండానే పోయింది. ఒక ఏడు మా బీర పందిరి మూల ఒక సంతకం సాలీడు గూడు కట్టింది. పసుపు, వెండి చారల పొట్ట. ఎనిమిది కాళ్లూ రెండేసి జతచేసి, గూడు నడిమధ్య ఇంటూ గుర్తులా వేలాడుతుంది. గూట్లో తెల్లటి వంకర కుట్టు. బీరకాయలు ముదిరిపోతున్నా కోయడానికి వెళ్లలేకపోయాను. పక్కింటి మామ్మ చూసి, "అదేటీ సెయ్యదమ్మా. దాని ఇల్లది, నువ్వు నీ పని సూసుకో" అంది. నన్ను తోయలేదు, నవ్వలేదు. ముందు వంటింటి కిటికీలోంచి చూశాను. తర్వాత పది అడుగుల దూరంలో కుర్చీ వేసుకుని పొద్దుటి టీ అక్కడే తాగాను. దడ దిగేదాకా లేవకూడదని ఒక్కటే నియమం. కుర్చీ ఎప్పుడు ముందుకి జరపాలో నాదే నిర్ణయం. ఒకరోజు మిడత వచ్చి గూట్లో పడింది. సాలీడు వెనక కాళ్లతో దాన్ని గిరగిరా తిప్పుతూ, వెడల్పాటి తెల్లటి దారం కట్టు కట్టినట్టు చుట్టేసింది. నేను మూడు అడుగుల దూరంలో ఉన్నానని అది అయిపోయాక గమనించాను. నెల తిరిగేసరికి గూటి పక్కనుంచే చెయ్యి పోనిచ్చి కాయలు కోస్తున్నాను.

అందరికీ కుర్చీతోనే కుదరకపోవచ్చు. బొమ్మ చూసినా ఊపిరాడనంత టెన్షన్ వచ్చేవాళ్లు టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416కి ఫోన్ చేయండి. ప్రభుత్వానిది, ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు.

మా అక్క కూతురికి ఒక సంగతి గుర్తుచేశాను. నిరుడు ఆరుద్ర కార్తె వానలకి మట్టిలోంచి ఎర్ర మఖమల్ ముక్కలా ఆరుద్ర పురుగు వస్తే, అరచేతిలో పెట్టుకుని ఊరంతా చూపించింది. "దానికి కాళ్లెన్ని?" అన్నాను. ఫోన్‌లో అప్పుడు తీసిన ఫొటో వెతికి పెద్దది చేసి లెక్కపెట్టింది. ఎనిమిది. అది సాలీడుకి చుట్టమే. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. సాయంత్రం తనే ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వెనక గుమ్మం బయట వేసుకుంది. పందిరికి ఇంకా పన్నెండు అడుగులుంది. కుర్చీని మేమెవ్వరం ముట్టుకోలేదు.